జబ్బు ఎవరిది? కబురు ముందు ఎవరికి?

జర్మనీలో నాలుగు తెలుగు కుటుంబాలు ఏ పుట్టినరోజు విందులోనో కలిస్తే, మాటల్లో ఎక్కడో ఒకచోట ఆసుపత్రుల ప్రస్తావన రాక తప్పదు. అప్పుడు వినిపించే ఫిర్యాదు ఒకటుంది. 'ఇక్కడి డాక్టర్లకు మొహమాటం ఉండదండీ. ఎంత పెద్ద జబ్బయినా ముఖం మీదే చెప్పేస్తారు. పక్కన ఇంట్లోవాళ్లు ఉన్నారో లేరో కూడా చూడరు' అంటారు. ఇండియాలో కొన్నాళ్లు పనిచేసి వచ్చిన జర్మన్ వైద్యులను కదిపితే సరిగ్గా దీనికి ఎదురు ఫిర్యాదు. 'అక్కడ జబ్బు సంగతి కొడుక్కి తెలుసు, అల్లుడికి తెలుసు, పక్కింటాయనకు కూడా తెలుసు. మంచం మీదున్న మనిషికి మాత్రం చెప్పరు' అంటారు.

ఈ రెండు ఫిర్యాదుల మధ్య పన్నెండు రోజులు నిలబడి, మాటలు అటూ ఇటూ చేరవేసే పని నాకు దొరికింది. నేను వైద్యురాలిని కాను. మేముండే ఊరి నుంచి కొందరు వైద్యులు, నర్సులు సెలవు పెట్టుకుని, టికెట్లు సొంత డబ్బుతో కొనుక్కుని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ పరీక్షల శిబిరానికి బయల్దేరితే, దుబాసీగా వెంట వెళ్లాను. వాళ్లకది పరాయి దేశంలో సేవ. నాకు మాత్రం చాలా ఏళ్ల తర్వాత చుట్టూ తెలుగే వినిపించే చోటు.

వచ్చాక చాలామంది అడిగారు, ఆ జర్మన్లకూ మనవాళ్లకూ ఎలా కుదిరిందని. భోజనాల దగ్గర, సమయపాలన దగ్గర వచ్చిన తేడాలు రెండో రోజుకే సర్దుకున్నాయి. చివరి రోజు దాకా సర్దుకోనిది ఒక్కటే: జబ్బు సంగతి ముందు ఎవరికి చెప్పాలి? నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. తెలుసుకునే హక్కు, తెలుసుకోకుండా ఉండే హక్కు, రెండూ జబ్బుపడిన మనిషివే. ఆ మనిషిని అడగకుండా మనం చేసే నిర్ణయానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటున్నాం. దేశం దాటి వచ్చిన మన కుటుంబాలకు ఈ అలవాటు మరీ ఖరీదుగా పరిణమిస్తోంది.

ఉద్దానంలో జబ్బు

ఉద్దానం అంటే ఉద్యానవనమే. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా పరచుకున్న నేల. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటలను కూల్చేసింది. అంతకంటే ముందు నుంచీ, తుఫానులా చప్పుడు చెయ్యకుండా, కిడ్నీ జబ్బు ఊళ్లను తినేస్తోంది. మామూలుగా కిడ్నీలు చెడిపోవడానికి షుగర్, బీపీ కారణాలంటారు. ఇక్కడ ఆ రెండూ లేని రైతులకు, కూలీలకు, నడివయసులోనే కిడ్నీలు పనిచేయడం మానేస్తున్నాయి. భూగర్భ జలాల మీద, పురుగుమందుల మీద, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే చాకిరీ మీద, నొప్పి మాత్రల మీద ఎన్నో అనుమానాలున్నాయి. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లోనూ, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనిపిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల ద్వారా తాగునీరు ఇచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది.

జర్మన్ వైద్యులు ఇలా సెలవుల్లో వెళ్లడం కొత్తేమీ కాదు. బాన్ నగరం కేంద్రంగా ఉన్న 'జర్మన్ డాక్టర్స్' అనే సంస్థ 1983 నుంచి ఆ పని చేస్తోంది. అక్కడ నమోదైన వైద్యులు ఆరేసి వారాల చొప్పున, జీతం లేకుండా, కోల్‌కతా వంటి నగరాల్లోని పేదవాడల్లో పనిచేసి వస్తుంటారు. మాది అంత పెద్ద ఏర్పాటు కాదు, ఆ సంస్థతో సంబంధమూ లేదు. మందు రాసే పని, చికిత్స నిర్ణయించే పని స్థానిక వైద్యులది. మా వాళ్లు రక్త, మూత్ర పరీక్షలకు, వివరాల నమోదుకు, ఆహారం గురించీ నీళ్ల గురించీ చెప్పడానికి సాయం చేశారు. ఓ తుఫాను షెల్టరు భవనంలో బల్లలు వేసుకుని కూర్చున్నాం.

ఉద్దానంలో చదువు రానివాళ్లకు కూడా క్రియాటినిన్ అంటే తెలుసు. బంగారం ధర అడిగినట్టు 'నీకెంతొచ్చింది?' అని అడుగుతారు. ఒకటి లోపుంటే ఊపిరి పీల్చుకుంటారు. మూడు దాటిందంటే ఇంట్లో గొంతులు తగ్గిపోతాయి. అంత తెలిసిన ఊళ్లలో కూడా, ఎవరి అంకె వాళ్లకు చెప్పడం అంత తేలిక కాదని మొదటి రోజే అర్థమైంది.

పరదా తెచ్చిన తంటా

జర్మన్ బృందం చేసిన మొదటి పని, గదికి ఓ మూల పరదా కట్టడం. రిపోర్టులో తేడా ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు దగ్గర ఇంకెవరూ లేకుండా మాట్లాడాలన్నది వాళ్ల పద్ధతి. జర్మనీలో రోగి రహస్యాన్ని బయటపెట్టిన వైద్యుడికి శిక్షాస్మృతిలోని 203వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడొచ్చు. వాళ్లకు అది చట్టం మాత్రమే కాదు, చదువుకునే రోజుల నుంచీ ఒంటబట్టిన నడవడి.

మధ్యాహ్నానికల్లా బయట వరండాలో కూర్చున్నవాళ్లకు లెక్క తెలిసిపోయింది. పరదా వెనక్కి పిలిచారంటే కిడ్నీ పోయినట్టే. ఎవరు లోపలికి వెళ్తున్నారో ఊరంతా చూస్తోంది. పెళ్లీడు కూతుర్ని తీసుకొచ్చిన ఓ తండ్రి పేరు నమోదు చేయించుకున్నవాడల్లా, వరుస కదలకముందే ఆ పిల్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పిల్లకు జబ్బుందో లేదో ఎవరికీ తెలియదు. పరదా వెనక్కి వెళ్లిన పిల్ల అన్న పేరు పడితే సంబంధాలు రావని ఆయన భయం. జబ్బున్న ఊరి పిల్లను చేసుకోవడానికి వెనకాడేవాళ్లున్న చోట ఆ భయాన్ని తీసిపారేయలేం.

రహస్యం కాపాడాలని కట్టిన పరదాయే రహస్యాన్ని చాటింపు వేసింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన యువ వైద్యుడొకాయన దీనికి ఉపాయం చెప్పారు: అందరినీ పరదా వెనక్కి పిలుద్దాం. రిపోర్టు బాగున్నవాళ్లకు కూడా లోపల అయిదు నిమిషాలు నీళ్లు ఎన్ని తాగాలో, ఏ నొప్పి మాత్రలు మింగకూడదో చెప్పి పంపుదాం. రెండో రోజు నుంచి అలాగే చేశాం. వరుస నెమ్మదిగా కదిలింది. కానీ ఎవరి సంగతి ఏమిటో బయటివాళ్లకు తెలిసే దారి మూసుకుపోయింది. జర్మన్ల సూత్రం సరైనదే. దాన్ని నిలబెట్టడానికి మాత్రం మన ఊరి సంగతి తెలిసిన మనిషి కావాల్సి వచ్చింది.

అమ్మకు చెప్పకండి

నాలుగో రోజు ఓ నడివయసు మనిషి తల్లిని తీసుకొచ్చాడు. రిపోర్టు బాగోలేదు. పరదా దగ్గరికి రాగానే నన్ను పక్కకు పిలిచి, 'అమ్మకు సెప్పకండి మేడమ్. నాతో సెప్పండి సాలు. ఇంటే తట్టుకోనేదు' అన్నాడు. నేను ఆ మాట జర్మన్ వైద్యురాలికి చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది. 'ఆవిడ స్పృహలో ఉన్నారు, నా ముందే కూర్చున్నారు. ఆవిడ శరీరం గురించి ఆవిడ వెనక ఎలా మాట్లాడను?' అంది. కొడుకేమో కదలడు. రెండు వైపులా కళ్లు నా మీదే.

అప్పుడు కూడా ఆ యువ వైద్యుడే దారి చూపించారు. తల్లి వైపు తిరిగి, 'అమ్మా, రిపోర్టు సంగతి మీతో మాట్లాడమంటారా, అబ్బాయితో మాట్లాడమంటారా, ఇద్దరూ ఉండగా మాట్లాడమంటారా?' అని అడిగారు. అంతే. ఏముందో చెప్పలేదు, లేదనీ చెప్పలేదు.

ఆవిడ కొడుకు వంక చూసి, మా వైపు తిరిగి అంది: 'నాకు తెల్దేటి బాబూ? మా ఈదిలో ముగ్గురు పోనారు. కాళ్ల వాపు సూసినప్పుడే తెలిసింది. ఆడు బాధ పడతాడని నానే ఊరుకున్నాను. ఇద్దరం ఉండగానే సెప్పండి.'

తల్లి తట్టుకోలేదని కొడుకు దాచాడు. కొడుకు తట్టుకోలేడని తల్లి దాచింది. ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందు, ఎన్నాళ్ల నుంచో ఇద్దరూ ఒకరికొకరు నటిస్తున్నారు. వాళ్ల మధ్య ప్రేమకు కొదవ లేదు. కానీ ఆ నటన వల్ల పోయిన నెలలున్నాయి. ఉప్పు తగ్గించుకోవాల్సిన నెలలు, నొప్పి మాత్రలు మానాల్సిన నెలలు, పలాస వెళ్లి చూపించుకోవాల్సిన నెలలు. కిడ్నీ జబ్బు పోయిన దాన్ని తిరిగి ఇవ్వదు. ముందే తెలిస్తే మిగిలినదాన్ని మరికొన్నాళ్లు కాపాడుకోవచ్చు, అంతే. అందుకే ఇక్కడ దాచడానికి ఖరీదుంది.

జర్మనీ ఇలా ఎందుకుంది?

జర్మన్లు సూటిగా మాట్లాడతారు కాబట్టి వాళ్ల డాక్టర్లూ అంతేనని మనం అనుకుంటాం. అసలు కారణం చరిత్రలో ఉంది. హాంబర్గ్ నగరంలో ఓ ఏడేళ్ల పాపకు ఎముక క్షయ వచ్చింది. పాదం తీసేయాలన్నాడు డాక్టరు, వద్దన్నాడు తండ్రి. అయినా డాక్టరు తీసేశాడు. 1894లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం, అనుమతి లేకుండా చేసిన ఆపరేషన్, అది మంచికే చేసినా, శరీరానికి చేసిన గాయమేనని తేల్చింది. జర్మనీలో చిన్న ఆపరేషన్‌కు కూడా కాగితం చేతికిచ్చి, చదివి వినిపించి, సంతకం చేయించుకునే అలవాటుకు మూలం ఆ తీర్పులో ఉంది.

ఆ తీర్పును కాలరాసిన కాలం తర్వాత వచ్చింది. హిట్లర్ హయాంలో వైద్యులే ఖైదీల మీద బలవంతపు ప్రయోగాలు చేశారు. 1946 డిసెంబరు నుంచి 1947 ఆగస్టు దాకా న్యూరెంబర్గ్‌లో 23 మందిపై విచారణ జరిగింది. ఏడుగురిని ఉరి తీశారు. మనిషి మీద ప్రయోగానికి ఆ మనిషి ఇష్టపూర్వకమైన అంగీకారం తప్పనిసరన్న న్యూరెంబర్గ్ నియమావళి ఆ తీర్పులోంచే పుట్టింది. 2013 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన రోగుల హక్కుల చట్టం, డాక్టరు రోగికి నోటితో, తగినంత ముందుగా, అర్థమయ్యే మాటల్లో చెప్పి తీరాలని రాసిపెట్టింది. అలా వివరించి చెప్పడాన్ని జర్మన్‌లో 'ఆఫ్‌క్లేరుంగ్' అంటారు. ఐరోపాలో 18వ శతాబ్దపు జ్ఞానోదయ యుగానికి కూడా జర్మన్‌లో అదే పేరు. రోగిని చీకట్లో ఉంచకూడదన్న పట్టుదల ఆ మాటలోనే ఉంది.

మనవాళ్లకు అంతగా తెలియనిది ఇంకొకటుంది. అదే చట్టం ప్రకారం 'నాకు వివరాలేమీ చెప్పొద్దు' అని రోగి స్పష్టంగా కోరవచ్చు. అంటే తెలుసుకోకుండా ఉండే హక్కు జర్మనీలో కూడా ఉంది. కాకపోతే ఆ మాట అనాల్సింది రోగే. భార్య తరఫున భర్త అనలేడు, తల్లి తరఫున కొడుకు అనలేడు.

మన పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

మన పద్ధతికి కూడా మూలాలున్నాయి. మరణ సూచనలు కనిపించినా అడగందే చెప్పవద్దని, అడిగినా రోగికో అయినవాళ్లకో దెబ్బ తగిలేలా ఉంటే చెప్పవద్దని చరక సంహిత వైద్యుడికి సలహా ఇస్తుంది. అది దయతో చెప్పిన మాట. మన భాషలో కూడా జబ్బు ఇంటిదే. ఒక్క మనిషిని 'ఎలా ఉన్నారు?' అని అడిగితే 'అందరం బాగున్నాం' అని జవాబొస్తుంది. డాక్టరు రోగిని అడిగిన ప్రశ్నకు పక్కనున్నవాళ్లు జవాబు చెబితే మనకు తప్పుగా తోచదు. ఆసుపత్రి బిల్లు కట్టేది కొడుకు, అప్పు తెచ్చేది అల్లుడు, రాత్రంతా వరండాలో దుప్పటి పరుచుకుని పడుకునేది కోడలు. ఇన్ని మోసేవాళ్లకు నిర్ణయంలో వాటా ఉండదా అని అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే.

అయితే ఇది మన రక్తంలోనే ఉంది, మారదు అనేవాళ్లతో నేను ఏకీభవించను. అమెరికాలో 1961లో ఒక పరిశోధకుడు వైద్యులను అడిగితే, 90 శాతం మంది క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకుండా ఉండడానికే మొగ్గు చూపారు. 1979లో అలాంటి ప్రశ్నే మళ్లీ అడిగితే 97 శాతం మంది చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్లలో ఓ దేశపు వైద్య లోకం తలకిందులైంది. మన దేశంలో కూడా చట్టం కదిలింది. మత్తులో ఉన్న ఓ మహిళకు ఆమె తల్లిని అడిగి పెద్ద ఆపరేషన్ చేసిన కేసులో, వయసొచ్చి, స్వయంగా నిర్ణయించుకోగల మనిషి బదులు తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరమైతే వేరు సంగతి. అంటే రోగిని అడగాలన్నది పరాయి దేశపు నీతి కాదు, మన దేశపు న్యాయం కూడా.

వాళ్లు నేర్చుకున్నది

ఇలా రాస్తే జర్మన్లు నేర్పడానికే వెళ్లారనిపిస్తుంది. వాళ్లు నేర్చుకున్నది కూడా ఉంది. బృందంలోని ఓ నర్సు ఇక్కడ డయాలసిస్ కేంద్రంలో పనిచేస్తుంది. జర్మనీలో డయాలసిస్ రోగులకు వారానికి మూడుసార్లు రానూపోనూ టాక్సీ ఖర్చును సాధారణంగా ఆరోగ్య బీమా సంస్థే భరిస్తుంది. రోగి ఒక్కరే టాక్సీ దిగుతారు, నాలుగైదు గంటలు పడుకుంటారు, ఒక్కరే టాక్సీ ఎక్కుతారు. తమ క్రియాటినిన్ ఎంతో, పొటాషియం ఎంతో, ఏ మందు ఎందుకో వాళ్లకు అన్నీ తెలుసు. తెలిసిన సంగతి చెప్పుకోవడానికి మాత్రం చాలామందికి పక్కన ఎవరూ ఉండరు.

ఉద్దానంలో డయాలసిస్‌కు వెళ్లే మనిషితో ఆటోలో ఇంకో ఇద్దరైనా ఎక్కుతారు. ఒకరు అన్నం డబ్బా పట్టుకుంటారు, ఒకరు కాళ్లు పడతారు. ఆ నర్సు తిరుగు ప్రయాణంలో నాతో, 'మా రోగులకు సమాచారం మొత్తం ఇస్తాం. కాళ్లు పట్టే మనిషిని ఇవ్వలేం' అంది. ఆ తర్వాత నుంచి తన కేంద్రంలో కొత్త రోగి వస్తే, 'ఈ మాటలు వినడానికి మీతో ఎవరు ఉంటే బాగుంటుంది?' అని అడుగుతున్నానని చెప్పింది. ఆ యువ వైద్యుడు అడిగిన ప్రశ్నే అది. ఉద్దానం నుంచి జర్మనీ చేరింది.

ఇక మన సంగతి

ఈ తేడా విదేశాల్లో ఉన్న మనకు ఊరికే మాట్లాడుకుని వదిలేసే విషయం కాదు. ఎందుకంటే దాచే అలవాటు మనతో పాటు విమానం ఎక్కింది. తోడుండే అలవాటు అక్కడే మిగిలిపోయింది.

ఆదివారం వీడియో కాల్ గుర్తు తెచ్చుకోండి. 'మాకేంరా, బాగానే ఉన్నాం' అంటారు అమ్మానాన్నలు. ఆ మాట వెనక స్టెంటు ఉండొచ్చు, బయాప్సీ ఉండొచ్చు. 'అంత దూరంలో ఉన్నవాడికి చెప్పి ఏం లాభం, బెంగ తప్ప' అనుకుంటారు. మనం కూడా తక్కువ తినలేదు. ఉద్యోగం పోయిన సంగతీ, ఆపరేషన్ అయిన సంగతీ అన్నీ సర్దుకున్నాక చెబుతాం, లేదా అసలు చెప్పం. ఉద్దానంలో ఆ తల్లీకొడుకులు ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి కాళ్ల వాపు చూసైనా ఒకరికొకరు కనిపెట్టారు. ఏడువేల కిలోమీటర్ల అవతల కాళ్ల వాపు కనిపించదు. ఫోను కెమెరా ముఖం వరకే చూపిస్తుంది.

తల్లిదండ్రులు ఇక్కడికి వచ్చినప్పుడు ఇంకో చిక్కు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కానీ అలాంటి పాలసీల్లో చాలావాటిలో అంతకు ముందే ఉన్న జబ్బులకు మినహాయింపులుంటాయి. నాన్నగారి గుండె సంగతి మనకే తెలియకపోతే, ఏ పాలసీ తీసుకోవాలో ఎలా తెలుస్తుంది? తీరా అంబులెన్స్ వచ్చాక బయటపడితే బిల్లు మన ఇంటికే వస్తుంది.

ఆసుపత్రికి వెళ్లాక ఇంకొకటి. జర్మనీలో దుబాసీ ఖర్చును ఆరోగ్య బీమా సాధారణంగా భరించదు. అందుకని ఇక్కడే పుట్టి జర్మన్ గలగలా మాట్లాడే మనవడినో, మనవరాలినో వెంట తీసుకెళ్తాం. పన్నెండేళ్ల పిల్ల తాతగారికి క్యాన్సర్ అన్న మాట తర్జుమా చేయాల్సి వస్తే ఆ బరువు ఎవరు మోయాలి? మాట సగం మింగేస్తే ఆ పిల్లను తప్పు పట్టగలమా? ఆ పని పెద్దవాళ్లకు, వీలైతే ఇంటివాళ్లు కాని తెలుగువాళ్లకు అప్పగించాలి. మన తెలుగు సంఘాలు ఉగాదికి, దసరాకు హాళ్లు బుక్ చేసినంత శ్రద్ధగా, ప్రతి ఊళ్లో అవసరానికి ఆసుపత్రికి వచ్చి మాట సాయం చేసే నలుగురి జాబితా తయారు చేయగలవు. ఖర్చు లేని పని.

కాగితాల సంగతి కూడా చెప్పుకోవాలి. నేను స్పృహలో లేకపోతే నా తరఫున మా ఆయన నిర్ణయిస్తారులే అనుకుంటాం. జర్మనీలో 2022 దాకా భార్యాభర్తలకు కూడా ఆ హక్కు దానంతటది ఉండేది కాదు. 2023 జనవరి 1 నుంచి అత్యవసర పరిస్థితిలో, గరిష్ఠంగా ఆరు నెలల పాటు, వైద్య విషయాల్లో ఒకరి తరఫున ఒకరు నిర్ణయించే వీలు కల్పించారు. పెద్ద పిల్లలకు, తోబుట్టువులకు, తల్లిదండ్రులకు ఇప్పటికీ ఆ హక్కు లేదు. నా తరఫున ఫలానా మనిషి మాట్లాడవచ్చని రాసిచ్చే పత్రాన్ని 'ఫోర్‌జోర్గెఫోల్‌మాఖ్ట్' అంటారు. ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో రాసుకునే పత్రం 'పాట్సియెంటెన్‌ఫెర్‌ఫ్యూగుంగ్'. దానికి 2009 నుంచి చట్టబద్ధత ఉంది. జర్మన్ న్యాయశాఖ ఈ రెండింటికీ నమూనాలను ఉచితంగా ఇస్తోంది. ఇండియాలో కూడా 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి ముందస్తు వైద్య పత్రాన్ని అనుమతించింది. 2023 జనవరిలో దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. 'శుభమా అని కూర్చుంటే ఆ కాగితాలెందుకు?' అని ఇంట్లో పెద్దవాళ్లు కసురుకోవచ్చు. పెళ్లికి నెలల ముందే పిలుపుల జాబితా రాసుకునే మనం, దీనికి ఒక్క పేజీ రాసుకుంటే అశుభమేమీ కాదు.

వీటన్నిటికంటే ముందు చేయగలిగింది చిన్న పని. వచ్చే ఆదివారం ఫోన్‌లో అమ్మనో, నాన్ననో అడగండి: 'నీ ఒంట్లో ఏదైనా తేడా వస్తే నీకే చెప్పాలా, మాకు చెప్పమంటావా, అందరం ఉండగా చెప్పమంటావా?' అని. జబ్బు లేనప్పుడు అడిగితే అది మామూలు ప్రశ్న. జబ్బు వచ్చాక అడిగితే అదే వాళ్లకు కబురైపోతుంది. 'నాకేమీ చెప్పొద్దురా, నువ్వే చూసుకో' అంటే ఆ మాటను గౌరవిద్దాం. అదీ వాళ్ల నిర్ణయమే. 'దాచకుండా చెప్పండి' అంటే, మన భయాన్ని వాళ్ల భయంగా చూపించడం మానేద్దాం.

జబ్బుపడిన మనిషికి కుటుంబం కావాలి. ఆ సంగతి జర్మన్లకు మనం చెప్పగలం. కాకపోతే ఆ కుటుంబం మనిషి పక్కన నిలబడాలి, డాక్టరుకూ మనిషికీ మధ్య అడ్డంగా కాదు. ఆ సంగతి మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకుంటే మనకు చిన్నతనమేమీ లేదు.